తుపాకీ దించి ఓటు అడిగిన సుందరయ్య

మన అనకాపల్లి జిల్లాలో గొలుగొండ మండలం కృష్ణదేవిపేట వెళ్ళినవాళ్ళు అల్లూరి సీతారామరాజు సమాధి చూసే ఉంటారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన ఆ పోరాటం, 1924 మే 7న ఆయన్ని చంపేశాక ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ రోజుల్లో ఓటు అనేది ఆస్తి ఉండి పన్ను కట్టే కొద్దిమందికే. మన్యంలో గిరిజనుడి మాట వినే సభ ఏదీ లేదు. కాబట్టి అల్లూరి విల్లంబులు ఎందుకు పట్టాడు అని మనలో ఎవరూ అడగం.

అసలు ప్రశ్న ఆ తర్వాతది. అందరికీ ఓటు వచ్చాక కూడా కొంతమంది చదువుకున్న కుర్రాళ్ళు తుపాకీ పట్టి అడవికి వెళ్ళారు. మనకి రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న శ్రీకాకుళంలోనే అది జరిగింది. వాళ్ళని వద్దన్నవాళ్ళలో ఒకాయన, అంతకు ముందు తానే ఒక సాయుధ పోరాటం నడిపిన మనిషి. ఆయనే పుచ్చలపల్లి సుందరయ్య. పేరు అందరం విన్నాం, పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళేవారని కూడా విన్నాం. ఆయన జీవితంలో మనకి పనికొచ్చే సంగతి సైకిల్ కన్నా పెద్దది. అదేమిటో చెప్పాలనే ఈ వ్యాసం.

సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. భూమి, పలుకుబడి ఉన్న కుటుంబం. ఆ కులం తోక తర్వాత ఆయనే తీసేసుకున్నారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. కాలేజీ వదిలేసి అందులోకి దూకారు. వయసు పదిహేడు. అంటే మన ఫస్టియర్ కుర్రాడి వయసు కన్నా ఒక ఏడాది తక్కువే. అరెస్టు చేసి బోర్స్టల్ స్కూలుకి, అంటే కుర్ర ఖైదీలను ఉంచే జైలుకి పంపారు.

బయటికి వచ్చాక అమీర్ హైదర్ ఖాన్ అనే కమ్యూనిస్టు పరిచయమయ్యారు. ఆ దారిలోకి వెళ్ళాక సుందరయ్య మొదట చేసిన పని సభల్లో ఉపన్యాసాలు ఇవ్వడం కాదు. సొంత ఊరికి వెళ్ళి వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టారు. సొంత బంధువుల పొలాల్లో పనిచేసే కూలీల తరఫున సొంత బంధువులతోనే తగువు పడటం ఎంత కష్టమో పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. తన వాటాకి వచ్చిన ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. 1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. పిల్లలుంటే ప్రజల పనికి అడ్డమవుతుందని, పిల్లలు వద్దని ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నారు.

ఇక తెలంగాణ. నిజాం సంస్థానంలో వెట్టి చాకిరీ, దేశ్‌ముఖ్‌ల జులుం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోవడంతో రైతుల తిరగబాటు మరో మెట్టు ఎక్కింది. దానికి తోడు కాశిం రజ్వీ రజాకార్లు మతం పేరుతో ఊళ్ళ మీద పడ్డారు. అప్పుడు ఊరూరా వాలంటీర్ల దళాలు లేచాయి. కర్ర, వడిసెల, తర్వాత తుపాకీ. ఆ పోరాటం నడిపిన నాయకుల్లో సుందరయ్య ముందు వరసలో ఉన్నారు. అక్కడ జనానికి ఓటు లేదు, కోర్టు లేదు, చెప్పుకునే చోటు లేదు. అల్లూరి మన్యానికీ ఆ తెలంగాణకీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ ఇండియాలో కలిసింది. అప్పుడు పార్టీలోనే పెద్ద వాదన వచ్చింది. నిజాం పోయాడు, ఇక ఆయుధాలు దించుదాం అని రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు అన్నారు. పేదలకి పంచిన భూమి మళ్ళీ దొరల చేతికి పోతుంది, కొనసాగిద్దాం అని ఇంకొందరు అన్నారు. సుందరయ్య కొనసాగిద్దామన్న వైపే ఉన్నారు. ఈ సంగతి దాచి ఆయన కథ చెబితే అది సగం కథే అవుతుంది. ఆ మూడేళ్ళూ ఆయన అజ్ఞాతంలో గడిపారు, అడవుల్లో దళాల మధ్య తిరిగారు. చివరికి 1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. ఆయనే 1972లో రాసిన పుస్తకం లెక్క ప్రకారం ఆ పోరాటంలో దాదాపు 4,000 మంది ప్రాణాలు పోయాయి. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచారు. ఆ పోరాటం తప్పని ఆయన చివరిదాకా అనలేదు. అయితే ఆ 4,000 ఆయనకి ఉత్త అంకె కాదు, అందులో చాలామంది ఆయనకి ముఖాలు తెలిసినవాళ్ళు.

ఆ వెంటనే మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. నిన్నటిదాకా దళాల్లో ఉన్నవాళ్ళు ఓటర్ల లిస్టు పట్టుకుని గడప గడపకీ తిరిగారు. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి మూడు లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి, నెహ్రూకి వచ్చిన వాటికన్నా ఎక్కువ. సుందరయ్య 1952లో రాజ్యసభకి వెళ్ళారు. ఢిల్లీలో సైకిల్ తొక్కింది ఆ కాలంలోనే.

ఇక్కడిదాకా వింటే గెలుపు కథలా ఉంటుంది. 1955 అలా లేదు. ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చాయి, 196 సీట్లు. ఈసారి అధికారం మాదే అని కమ్యూనిస్టులు గట్టిగా నమ్మారు. అవతల కాంగ్రెస్, మిగతా పార్టీలు ఒక్కటయ్యాయి. ఫలితాలు వచ్చేసరికి కమ్యూనిస్టులకి దాదాపు 31 శాతం ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం పదిహేను. మూడోవంతు జనం ఓటేస్తే పదమూడోవంతు సీట్లు! ఇదేం ఆట అని బల్ల తన్నేసి లేచిపోవడానికి ఇంతకన్నా మంచి సాకు ఎవరికైనా దొరుకుతుందా? పైగా ఈ మనిషికి అడవి దారి కొత్త కాదు. అయినా గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య అసెంబ్లీకి వెళ్ళి కూర్చున్నారు. నీటిపారుదల మీద, భూమి మీద లెక్కలు పట్టుకొచ్చి మాట్లాడారు. 1962లో మళ్ళీ అదే ఊరి జనం దగ్గరికి వెళ్ళి మళ్ళీ గెలిచారు.

1964లో పార్టీ చీలింది. సీపీఎం ఏర్పడింది, దానికి మొదటి ప్రధాన కార్యదర్శి సుందరయ్యే. మూడేళ్ళు తిరక్కుండానే 1967లో బెంగాల్లో నక్సల్బరీ మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 31న మన ఉత్తరాంధ్రలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. అక్కడ గిరిజన సంఘం పెట్టి ఏళ్ళ తరబడి పనిచేస్తున్న వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు, ఇద్దరూ సుందరయ్య పార్టీ వాళ్ళే. వాళ్ళ కోపం అబద్ధం కాదు. కొండమీద భూమి షావుకార్ల చేతిలోకి పోవడం అబద్ధం కాదు. ఎన్నికలతో ఇది తేలదు, తుపాకీయే దారి అని వాళ్ళు తేల్చుకున్నారు. వాళ్ళ వెనక చదువులు వదిలి విద్యార్థులు వెళ్ళారు, డాక్టర్లు కూడా వెళ్ళారు.

సుందరయ్య వద్దన్నారు. ఆయన వాదన సారాంశం ఇది. తెలంగాణలో తుపాకీ కన్నా ముందు జనం లేచారు. ఊరు ఊరంతా సంఘంలో ఉంది, దళానికి అన్నం పెట్టిన ప్రతి ఇల్లూ తెలిసి పెట్టింది. అంత జనం లేకుండా కొద్దిమంది వీరులు ముందుకి దూకితే వాళ్ళూ పోతారు, వాళ్ళని నమ్మిన గిరిజనులూ నలిగిపోతారు. ఓటుతోనే అన్నీ వస్తాయని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. జనం మన మాట వినే చోటు ఇంకా ఉన్నప్పుడు, ఆ చోటు వదిలేసి పోవడమే ఆయన దృష్టిలో తప్పు.

ఈ వాదన నెగ్గిందా? ఆంధ్రలో నెగ్గలేదు. 1968లో రాష్ట్ర పార్టీలో ఎక్కువమంది అవతలి దారి పట్టారు. తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య లాంటి పాత సహచరులంతా విడిపోయారు. వీళ్ళలో జైల్లో కలిసి ఉన్నవాళ్ళున్నారు, అజ్ఞాతంలో ఒకే కంచంలో తిన్నవాళ్ళున్నారు. నాగిరెడ్డి 1969లో శాసనసభ్యత్వం వదిలేశారు. పిరికితనమని, రాజీ అని సుందరయ్య మీద మాటలు పడ్డాయి. జీవితమంతా తుపాకీ ముఖం చూడని నాయకుడిని అంటే వేరు. ఈయన్ని అన్నారు.

1970 జులైలో సత్యం, కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. అప్పటికే ఎంతోమంది కుర్రాళ్ళు పోయారు. వాళ్ళని చంపిన తీరు మీద, ఎన్‌కౌంటర్ల మీద ఎన్నో ప్రశ్నలు ఇప్పటికీ ఉన్నాయి. తుపాకీ వద్దన్నంత మాత్రాన ఆ ప్రశ్నలు లేకుండా పోవు. సుందరయ్య చెప్పినట్టే జరిగిందని చంకలు గుద్దుకునే సందర్భం అది కానే కాదు. ఆయన ఆపాలనుకున్నవాళ్ళను ఆపలేకపోయారు, అంతే.

మరి మిగిలినవాళ్ళతో ఆయన ఏం చేశారు? 1974లో గుంటూరు జిల్లాలో అనంతవరం, కాజ అనే రెండు ఊళ్ళు తీసుకుని ఇంటింటి సర్వే చేయించారు. ఎవరికి ఎంత భూమి, ఎవరు కౌలు, ఎవరు కూలి, అప్పు ఎంత, ఎడ్లెన్ని. మనం మినీ ప్రాజెక్టుకి గూగుల్ ఫారం పంపించి యాభై రెస్పాన్సులు రాగానే చాలనుకుంటాం. ఆయన అరవై ఏళ్ళ వయసులో, దేశస్థాయి పార్టీకి నాయకుడై ఉండి, ఊళ్ళో ఎవరి దగ్గర ఏముందో తెలుసుకోకుండా ఊరి గురించి మాట్లాడకూడదనుకున్నారు. ఆ సర్వే ఫలితాలు 1977లో అచ్చయ్యాయి కూడా.

ఎమర్జెన్సీ కాలంలో ఇంకో మలుపు. ఇందిరాగాంధీ మీద పోరాటంలో జనసంఘ్, ఆరెస్సెస్‌లతో చేతులు కలపడం ఆయనకి ఇష్టం లేదు. శత్రువు ఒకడే అయినంత మాత్రాన మతరాజకీయాన్ని భుజాన వేసుకోకూడదన్నది ఆయన పట్టుదల. దీంతోపాటు మరికొన్ని విషయాల్లో కూడా తేడాలు వచ్చి ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. అటు అతివాద వామపక్షాన్నీ, ఇటు మతం పేరుతో చేసే రాజకీయాన్నీ కాదన్నందుకు రెండుసార్లు సొంతవాళ్ళతోనే తేడా పడ్డారు. పదవి పోయాక ఇంట్లో కూర్చున్నారా అంటే లేదు. ఆంధ్రకి వచ్చి మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరిగారు. 1978లో అదే గన్నవరం, అదే ఓటర్ల లిస్టు, మళ్ళీ ఎమ్మెల్యే. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఆయన పేరు మీదే ఉంది.

ఆయన పార్టీ మనకి నచ్చాలని లేదు. ఈ వ్యాసం చదివేవాళ్ళలో అన్ని పార్టీల ఇళ్ళ పిల్లలూ ఉంటారు. మన వయసులో కోపం రావడం సహజం, దానికి కారణాలూ ఉంటాయి. ఇప్పుడు ఆ కోపాన్ని అడవికి తీసుకెళ్ళేవాళ్ళు తక్కువ. ఫోన్‌లోనే కులం పేరుతోనో మతం పేరుతోనో దాన్ని రాజేసి, అవతలివాడు మనిషే కాదనిపించేవాళ్ళు ఎక్కువ. వాళ్ళకి కామెంట్లలో జవాబు చెబుతూ రాత్రంతా గడిపినా ఒరిగేది ఏమీ లేదు. పంచాయతీ ఎన్నికలో, మున్సిపల్ ఎన్నికలో వచ్చినప్పుడు మన వార్డులో నిజాయితీగా నిలబడిన మనిషి కోసం, అది ఏ పార్టీ అయినా సరే, నాలుగు రోజులు వాలంటీరుగా తిరిగి చూడండి. స్లిప్పులు రాయండి, లిస్టులో పేరు లేని ముసలమ్మ పేరు ఎక్కించండి. మనం ఫోన్‌లో తిట్టుకునే కులం వాళ్ళ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగండి. ఆ తర్వాత ఆ ఇంటి గురించి ఎవరైనా విషం ఫార్వర్డ్ చేస్తే అంత తేలిగ్గా నమ్మలేం.

మన అభ్యర్థి ఓడిపోవచ్చు. 31 శాతం ఓట్లకి పదిహేను సీట్లు వచ్చిన మరుసటి రోజు సుందరయ్య ఏం చేశారో అప్పుడు గుర్తుచేసుకుందాం.