పగిలిన తుపాకి నుండి పులుల పార్కు దాకా – జిమ్ కార్బెట్ జీవితం

మన హాస్టళ్ళ నుండి ఎన్.సి.సి.లో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మొట్టమొదటిసారి .22 రైఫిల్ పట్టుకున్న రోజును మరచిపోరు. ఆ రాత్రి హాస్టల్లో అదే ముచ్చట. మొదట చేతికి వచ్చే తుపాకి ఎలాంటిదై ఉండాలి? పెద్దదా, ఖరీదైనదా? ఈ ప్రశ్నకు జవాబు జిమ్ కార్బెట్ జీవితంలో దొరుకుతుంది. పులుల వేటగాడిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆయన బాల్యం గురించి తెలిసినవారు తక్కువ.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25న హిమాలయాల దిగువన ఉన్న నైనీతాల్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి పోస్ట్‌మాస్టర్. 1881లో తండ్రి చనిపోయేనాటికి జిమ్ చిన్నపిల్లవాడు. పాలించే జాతిలో పుట్టినా సంపన్న కుటుంబం కాదు. పెద్ద సంసారాన్ని తల్లి మేరీ జేన్ కష్టపడి నెట్టుకొచ్చింది. చలికాలం వస్తే కుటుంబమంతా కిందనున్న కాలాధుంగి గ్రామానికి దిగేది. ఇంటి చుట్టూ అడవి. అదే జిమ్‌కు అసలైన బడి.

ఆయన మొదటి ఆయుధం ఉండేలు. తరువాత విల్లు. ఆ తరువాత ఒక బంధువు ఇచ్చిన పాత జంట గొట్టాల తుపాకి. మూతి నుండి మందు కూరి కాల్చే రకం. దాని కుడి గొట్టం పగిలిపోయింది. విరిగిన మడమను ఇత్తడి తీగతో చుట్టి కట్టారు. పనిచేసేది ఎడమ గొట్టం ఒక్కటే. ఒకే దెబ్బ. తప్పితే మళ్ళీ మందు కూరి కాల్చేలోపు జంతువు ఉండదు. అందుకే ఆ పిల్లవాడు చప్పుడు చేయకుండా నడవడం, దగ్గరకు వెళ్ళేదాకా ఓపిక పట్టడం, పక్షుల అరుపును బట్టి అడవిని చదవడం నేర్చుకున్నాడు. మంచి తుపాకి ఉంటే ఇవన్నీ అంత త్వరగా వచ్చేవి కావేమో!

పదేళ్ళ వయసులో నైనీతాల్ క్యాడెట్ దళంలో .450 మార్టిని రైఫిల్ చేతికొచ్చింది. అది పిల్లవాడి భుజానికి చాలా పెద్దది. పేల్చితే గట్టిగా తన్నేది. భుజం అదురుతుందన్న భయంతో గురి చెదిరేది. ఒక పెద్ద అధికారి ఓపికగా పక్కన నిలబడి, తొందరపడకుండా కాల్చడం నేర్పాడు. ఆ పాఠం ఆయనకు జీవితాంతం ఉపయోగపడింది. తరువాత అడవికి అదే రైఫిల్ అరువిచ్చారు. శుభ్రంగా ఉంచాలి, ఖాళీ తూటాలు తిరిగి అప్పగించాలి. ఇవీ షరతులు.

పై చదువులకు డబ్బు లేక యువకుడిగానే రైల్వేలో చేరాడు. బీహార్‌లోని మొకామా ఘాట్‌లో సుమారు ఇరవై యేళ్ళు కూలీలతో కలిసి సరుకు ఎత్తి దింపించాడు. మన హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన భాగం ఇది. అక్కడి స్టేషన్ మాస్టర్ రామ్ శరణ్, కార్బెట్ కలిసి కూలీల పిల్లలకు బడి పెట్టారు. అగ్రకులాల వారు తమ పిల్లలను దళితుల పిల్లలతో ఒకే ఇంట్లో కూర్చోబెట్టం అన్నారు. రామ్ శరణ్ పాకకు గోడలు తీయించేశాడు. గోడలు లేకపోతే అది ఇల్లు కాదు కదా! బడి నడిచింది. అంటరానివాడని లోకం దూరం పెట్టిన చమారి అక్కడ బొగ్గు కూలీల ముఠాకు పెద్ద అయ్యాడు. పెద్దల కాలం నాటి రెండు రూపాయల అప్పు కింద నలిగిపోతున్న బుధు అనే కూలీని కార్బెట్ వడ్డీ వ్యాపారి నుండి విడిపించాడు. ఈ సంగతులు 1952లో వచ్చిన ఆయన పుస్తకం 'మై ఇండియా'లో ఉన్నాయి.

1907లో చంపావత్ ఆడపులి వేట జరిగింది. అది నేపాల్‌లో, కుమావూలో కలిపి 436 మందిని చంపినట్లు లెక్క. ప్రభుత్వం బహుమతిని రద్దు చేసి, మిగతా వేటగాళ్ళను వెనక్కి పిలిస్తేనే వస్తానని కార్బెట్ షరతు పెట్టాడు. 298 మంది గ్రామస్థులు డప్పులు, తుపాకులతో కొండ మీద నుండి పులిని తోలారు. ఆయన దగ్గరున్నవి మూడే తూటాలు. అవి అయిపోయాయి. చివరికి తహసీల్దారు చేతిలోని వదులైన పాత తుపాకి అందుకుని దానితోనే ముగించాడు. పగిలిన తుపాకితో పెరిగినవాడికి అది కొత్త కాదు.

చచ్చిన పులి నోరు తెరిచి చూస్తే కుడివైపు పైకోర సగానికి, కిందికోర ఎముక దాకా విరిగి ఉన్నాయి. పాత తుపాకి దెబ్బ వల్ల అలా అయ్యాయి. అందుకే అది మామూలుగా వేటాడలేక మనుషుల మీద పడింది. ఎవరో సరిగా గురి చూడకుండా పేల్చి, గాయపడిన జంతువును వెతకకుండా వదిలేశారు. దాని ఖరీదు 436 ప్రాణాలు. తుపాకి పట్టేవాడి బాధ్యత ఏమిటో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఈ వేటకు గుర్తుగా సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ ఆయనకు .275 రిగ్బీ రైఫిల్ బహూకరించాడు. పులుల వేటకు చాలామంది వాడే భారీ రైఫిళ్ళ ముందు అది తేలికైనది. కాని ఆయన భుజానికి, చేతికి అమరింది. 1926లో రుద్రప్రయాగ చిరుతను, 1930లో చౌగఢ్ ఆడపులిని దానితోనే కాల్చాడు. చౌగఢ్‌లో ఆయన ఎడమచేతిలో పక్షిగుడ్లు ఉన్నాయి. కుడిచేత్తోనే రైఫిల్‌ను మెల్లగా తిప్పి కాల్చాడు. బరువైన రైఫిల్ అయితే అది సాధ్యమయ్యేదా?

క్రమంగా ఆయన తుపాకి కంటే కెమెరాను ఎక్కువ ప్రేమించాడు. 1936లో దేశంలో తొలి జాతీయ పార్కు ఏర్పాటుకు కృషి చేశాడు. 1947లో కెన్యా వెళ్ళి, 1955 ఏప్రిల్ 19న అక్కడే కన్నుమూశాడు. తరువాత ఆ పార్కుకు ఆయన పేరే పెట్టారు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది అక్కడే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో సరదా వేట నేరం. ఇప్పుడు రైఫిల్‌కు మిగిలింది గురి చూసే బోర్డు మాత్రమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది అలాంటి బోర్డు మీదే.

మిత్రులారా! మొదటి రైఫిల్ మన భుజం మోయగలిగినదై ఉండాలి. తన్నుడుకు భయపడనిదై ఉండాలి. ప్రతి తూటాకు లెక్క చెప్పగలగాలి. మన చేతికి వచ్చిన మొదటి సాధనం పాత పుస్తకమైనా, పగిలిన పలకైనా చిన్నబుచ్చుకోకండి. ఒక్క గొట్టమే పనిచేసినా గురి కుదిరితే చాలు.