ఇంద్రాయణిలో కలిసిన ఋణపత్రములు

పండరిపురమునకు పోవు యాత్రికులు తుకారామ మహారాజును చిడతలు చేతబట్టిన విరాగిగనే చిత్రపటములయందు చూచియుందురు. ఆ చేతులు ఒకప్పుడు తక్కెడ పట్టినవనియు, బాకీల లెక్కలు వ్రాసినవనియు స్మరించువారు అరుదు.

పుణె నగరమునకు చేరువను, ఇంద్రాయణీ తీరమున దేహూ అను గ్రామము కలదు. అచట బోల్హోబా, కనకాయీ దంపతులకు ఆయన 1608 ప్రాంతమున జన్మించెను. కుణబీ కులస్థులైనను వారికి వంశక్రమమున వచ్చినది వర్తకము, వడ్డీ వ్యాపారము. విఠలుని ఆరాధనయు ఆ వంశమునకు పితృధనమే. అన్న సావజీ సంసారమున విముఖుడగుటచే అంగడి భారము చిన్ననాడే తుకారాముని భుజములపై బడెను.

1630లో ఆరంభమైన మహాక్షామము దక్కను దేశమును రెండేండ్లు దహించెను. పశువులు చచ్చినవి, బాకీలు రాలేదు, అంగడి దివాలా తీసెను. మొదటి భార్య రఖుమాబాయి అన్నము లేక మరణించెను. కుమారుడు సంతు కూడ పోయెను. ధాన్యమమ్మిన ఇంట ఆకలిచావు కంటె ఘోరమేమున్నది!

రెండవ భార్య జిజాబాయి మాత్రము ధైర్యము వీడలేదు. 18వ శతాబ్దికి చెందిన భక్తచరిత్రకారుడు మహీపతి చెప్పిన కథ ఇది: ఆమె తన పూచీపై ఇన్నూరు రూపాయలు అప్పు తెచ్చి భర్తను తిరిగి వ్యాపారమునకు పంపెను. సరకు అమ్ముడుపోయెను, లాభమును వచ్చెను. తిరిగి వచ్చుచుండగా అప్పులవారి చేత చిక్కి అలమటించుచున్న యొక దీనుడు ఎదురుపడగా, తుకారాముడు మూటలోని ధనమంతయు వానికిచ్చి రిక్తహస్తములతో ఇల్లు చేరెను. జిజాబాయి మండిపడెను. హరికథలలో ఆమెను గయ్యాళిగ చిత్రించి నవ్వించుట పరిపాటి. కాని ఆ ధనము తీర్చవలసినది ఆమెయే గదా! దానము గొప్పదే. అయినను ఇచ్చిన సొమ్ము దాతది కాదు.

అనంతరము ఆయన భామగిరిపై ఏకాంతమున ధ్యానమగ్నుడయ్యెను. తమ్ముడు కాన్హోబా వెదకి వెదకి ఆయనను కలిసికొనెను. అన్నదమ్ములు ఇంద్రాయణి యొడ్డున కూర్చుండిరి. తండ్రినాటి నుండి వచ్చిన ఋణపత్రములు తెప్పింపబడెను. కరవుచే చితికిన రైతులను వడ్డీకై పీడించుట తుకారామునికి సమ్మతము గాదు. పత్రములన్నియు నీటిపాలు చేయదలచెను. కాన్హోబా అడ్డుపడెను. అన్న సాధువైనను తనకు సంసారమున్నదనియు, పిల్లలను పోషింపవలెననియు మొరపెట్టుకొనెను.

తుకారాముడు ఆ మాటను త్రోసిపుచ్చలేదు. పత్రములను రెండు సమభాగములు చేసి, ఒకటి తమ్మునికి అప్పగించి, తన పాలిటికి వచ్చినవానిని మాత్రమే నదిలో విడిచెను. తన హక్కును తాను వదలుకొనెనే గాని, తమ్ముని హక్కును తన త్యాగమునకు వెచ్చింపలేదు. భార్య తెచ్చిన అప్పును దానమిచ్చిన నాటి తుకారామునికిని, ఈ తుకారామునికిని ఎంత భేదము! భక్తులు ఆయన వైరాగ్యమునే కొనియాడుదురు. ఆ పంపకమును కొనియాడినవారు కొలది.

అటుపై ఆయన వడ్డీ వ్యాపారము జోలికి పోలేదు. ఇంటి భారము జిజాబాయియే మోసెను. శిథిలమైన విఠలాలయమును బాగుచేయించి ఆయన కీర్తనలకు కూర్చుండెను. ఆయన అభంగములను వ్రాసిపెట్టిన శిష్యులలో సంతాజీ జగనాడే గానుగ త్రిప్పి నూనె అమ్ముకొనువాడు.

1650 ప్రాంతమున తుకారాముడు వైకుంఠమేగెనని భక్తుల విశ్వాసము. కనిష్ఠపుత్రుడు నారాయణుడు 1685లో తండ్రి పాదుకలను పల్లకినుంచి పండరికి కొనిపోవు సంప్రదాయమును నెలకొల్పెను. నేటికిని ఆషాఢ యాత్రకై ఆ పల్లకి దేహూ నుండియే బయలుదేరును.