అన్నదమ్ముల మధ్య ఒక రాత్రి: చార్లెస్ వెస్లీ జీవితం



క్రిస్మస్ వచ్చిందంటే ‘హార్క్ ద హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్’ ఇంగ్లీషులోనో తెలుగులోనో పాడని సంఘం మనలో ఉండదు. దానికి మూలం రాసినవాడు చార్లెస్ వెస్లీ. ఆయన, ఆయన అన్న జాన్ వెస్లీ మొదలుపెట్టిన మెథడిస్టు ఉద్యమం నుండే వెస్లియన్ మిషనరీలు మన తెలంగాణకు వచ్చారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి వాళ్ల సేవా ఫలమే. అయితే ఈ అన్నదమ్ములిద్దరూ ఒకసారి తెగతెంపుల దాకా వెళ్లారని మీకు తెలుసా?

వాళ్ల ఇంటి సంగతి ముందు చెప్పాలి. ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో తండ్రి శామ్యూల్ పాస్టరు. తల్లి సుసన్నకు 19 మంది పిల్లలు పుడితే 9 మంది పసితనంలోనే చనిపోయారు. రాజు కోసం భర్త చేసిన ప్రార్థనకు సుసన్న ఆమేన్ అనలేదని శామ్యూల్ కొంతకాలం ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. మళ్లీ కలిసిన తర్వాత, 1703లో పుట్టినవాడే జాన్. 1705లో తండ్రి అప్పు తీర్చలేక జైలుకు వెళ్లాడు. 1707 డిసెంబర్‌లో చార్లెస్ పుట్టాడు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు తగలబడింది. చంటివాడైన చార్లెస్‌ను ఆయా ఎత్తుకొని బయటపడింది. అయిదేళ్ల జాన్ పైగదిలో చిక్కుకున్నాడు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి కిటికీలోంచి అతన్ని దించారు. ఇల్లు బూడిదయ్యాక కొంతకాలం పిల్లలు తలా ఒక ఇంట్లో పెరగాల్సి వచ్చింది.

అక్క హెట్టీ కథ ఇంకా బాధాకరం. 1725లో పెళ్లి చేసుకుంటానన్న ఒకడిని నమ్మి ఇల్లు దాటి వెళ్లి, మోసపోయి తిరిగి వచ్చింది. తండ్రి ఆమెకు తగని సంబంధం చేసి పంపేశాడు, ముఖం చూడడానికి ఇష్టపడలేదు. మరుసటి సంవత్సరం జాన్ తప్పిపోయినవారి పట్ల చూపవలసిన ప్రేమ గురించి ప్రసంగం చేస్తే, అది తన గురించేనని తండ్రికి కోపం వచ్చింది. క్షమించలేని ఇల్లు ఎలా ఉంటుందో ఈ అన్నదమ్ములు దగ్గరనుండి చూశారు.

ఆక్స్‌ఫర్డ్‌లో 1729లో చార్లెస్ కొద్దిమంది విద్యార్థులతో మొదలుపెట్టిన ప్రార్థనా బృందానికి అన్న నాయకుడయ్యాడు. ఇద్దరూ కలిసి 1735లో ఓడెక్కి అమెరికాలోని జార్జియాకు వెళ్లారు, ఇద్దరూ ఓడిపోయి తిరిగివచ్చారు. 1738 మే నెలలో, మూడు రోజుల తేడాతో, ఇద్దరికీ రక్షణ నిశ్చయత కలిగింది. 1749 ఏప్రిల్ 8న చార్లెస్ పెళ్లి సారా గ్విన్‌తో జరిగింది. పెళ్లి జరిపించింది అన్నే. తమ్ముడికి ఆదాయం లేదని పెళ్లికూతురి తల్లి సందేహిస్తే, పుస్తకాల అమ్మకం నుండి ఏటా 100 పౌండ్లు ఇస్తానని మాట ఇచ్చింది కూడా అన్నే.

ఆరు నెలలు తిరగలేదు. జాన్ తనకు జబ్బు చేసినప్పుడు సేవ చేసిన గ్రేస్ మర్రే అనే విధవరాలిని పెళ్లి చేసుకోవాలనుకున్నాడు. ఆమె అప్పటికే జాన్ బెన్నెట్ అనే బోధకుడికి కూడా మాట ఇచ్చి ఉంది. ఈ పెళ్లి జరిగితే సంఘాలు చీలిపోతాయని చార్లెస్ భయపడ్డాడు. గుర్రమెక్కి వెళ్లి అన్నతో వాదించాడు. అన్న వినలేదు. అప్పుడు అన్నకు తెలియకుండా గ్రేస్ దగ్గరకు వెళ్లి, ఆమెను తన గుర్రం మీదే న్యూకాసిల్‌కు తీసుకెళ్లాడు. అక్టోబర్ 3న ఆమెకు బెన్నెట్‌తో పెళ్లయిపోయింది.

లీడ్స్ పట్టణంలో జార్జి విట్‌ఫీల్డ్ దగ్గర ఉండగా జాన్‌కు ఈ కబురు అందింది. తర్వాత చార్లెస్ వచ్చాడు. పశ్చాత్తాపంతో కాదు, కోపంతో వచ్చాడు. ఇకమీదట అన్నతో తనకు సంబంధం లేదన్నాడు. విట్‌ఫీల్డ్, జాన్ నెల్సన్ అనే మరో బోధకుడు మధ్యలో నిలబడి ఏడ్చారు, ప్రార్థించారు, బతిమాలారు. చివరికి అన్నదమ్ములు మాటలు రాక ఒకరి మెడ మీద ఒకరు పడ్డారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఈ విట్‌ఫీల్డే దాదాపు ఎనిమిదేళ్ల క్రితం దేవుని ఏర్పాటు సిద్ధాంతం విషయంలో వెస్లీలతో విడిపోయి, తర్వాత సమాధానపడ్డవాడు. విడిపోవడం ఎంత బాధో తెలిసినవాడు కాబట్టే ఆ గదిలో అలా ఏడ్వగలిగాడు.

అంతటితో అంతా సర్దుకుందని చెప్పలేను. 1751లో జాన్ చేసుకున్న పెళ్లి చార్లెస్‌కు నచ్చలేదు, ఆ సంసారం సుఖంగా సాగలేదు కూడా. 1784లో జాన్ అమెరికా కోసం బోధకులకు అభిషేకమిచ్చినప్పుడు, అదే బ్రిస్టల్‌లో ఉన్న తమ్ముడికి చెప్పలేదు. చార్లెస్ చివరిదాకా దాన్ని ఒప్పుకోలేదు. అయినా ఉత్తరాలు ఆగలేదు, ప్రేమ ఆగలేదు. 6,000కు పైగా కీర్తనలు రాసిన చార్లెస్ 1788 మార్చి 29న కన్నుమూశాడు. కబురు ఆలస్యంగా చేరి, అన్న సమాధి కార్యక్రమానికి రాలేకపోయాడు.

సుమారు రెండు వారాల తర్వాత బోల్టన్‌లో ఆరాధన నడిపిస్తూ, జాన్ తమ్ముడు రాసిన యాకోబు పోరాటం కీర్తన ఎత్తుకున్నాడు. తోటివాళ్లు వెళ్లిపోయి తాను ఒంటరిగా మిగిలానన్న భావం వచ్చేచోట 84 ఏళ్ల ఆ ముసలాయన గొంతు పెగల్లేదు. పులిపిటం మీద కూర్చుండిపోయి, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. సంఘమంతా అతనితో ఏడ్చింది.

ఆదికాండము 32, 33 అధ్యాయాలు మరోసారి చదవండి. యాకోబు పెనూయేలులో పెనుగులాడింది ఏ రాత్రి? ఇరవై ఏళ్లుగా మొహం చూడని అన్న ఏశావును కలుసుకోవడానికి ముందు రాత్రి. దేవునితో ఒంటరిగా గడిపిన ఆ రాత్రి తర్వాతే, కుంటుకుంటూ వెళ్లిన అతన్ని అన్న కౌగిలించుకున్నాడు.

ఊళ్లో పొలం పంపకాల దగ్గరో, నాన్న ఆసుపత్రి ఖర్చుల దగ్గరో, పెళ్లిలో జరిగిన అవమానం దగ్గరో మాటలు ఆగిపోయిన అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో ఎందరో ఉన్నారు. ఫ్యామిలీ గ్రూపులో అందరి పుట్టినరోజులకూ మెసేజ్ పెడతాం, ఒక్కరికి తప్ప. సముద్రాలు దాటి వచ్చాం కాబట్టి ఆ దూరం సహజంగానే కనిపిస్తుంది. దెబ్బలు, హింస జరిగిన చోటికి ఒంటరిగా తిరిగి వెళ్లమని నేను అనను. పాస్టరుగారినో, నమ్మకమైన పెద్దలనో తోడు తీసుకోండి. చార్లెస్‌కూ జాన్‌కూ మధ్యలో మనుషులు కావలసి వచ్చింది. మీరే ఎవరికైనా విట్‌ఫీల్డ్ కావలసి ఉందేమో కూడా ఆలోచించండి.

అన్ని విషయాల్లో ఏకాభిప్రాయం వచ్చాకే కలుద్దామనుకుంటే వెస్లీ అన్నదమ్ములు ఎప్పటికీ కలిసేవారు కాదు. ఈ వారం ప్రార్థనలో మొదట ఆ ఒక్క పేరు ఎత్తండి. తర్వాత, అక్కడ టైమెంతయిందో చూసుకుని, ఫోన్ చేయండి.

ప్రభువు మన ఇళ్లలో సమాధానం నెలకొల్పును గాక. ఆమేన్.