శాసనములకు సంఖ్యలిచ్చిన రైసుగారు

కోలారు మండలమనగానే అందరును బంగారు గనులనే తలచుకొందురు. ఆ గనులు 2001 వ సంవత్సరమున మూతపడినవి. కాని ఈ సీమలో నేలపైననే నిలిచియున్న నిధి మరియొకటి కలదు. అవి శిలాశాసనములు. వానిని లెక్కకు తెచ్చిన మహనీయుడు బెంజమిన్ లూయిస్ రైసుగారు.

రైసుగారు 1837 లో బెంగుళూరున జన్మించిరి. తండ్రి క్రైస్తవ మిషనరీ. ఇంగ్లండులో విద్య ముగించుకొని వచ్చి, 1860 లో బెంగుళూరు హైస్కూలునకు ప్రధానోపాధ్యాయులైరి. పిదప మైసూరు సంస్థాన విద్యాశాఖలో ఉన్నతాధికారిగా నుండిరి. పాఠశాలల తనిఖీకై ఊరూర తిరుగుచుండగా గుడిగోడలమీదను, చెరువుకట్టలయొద్దను, పొలములలోని వీరగల్లులమీదను ప్రాచీన లిపులు వారి కంటబడెను. ఎండకు వానకు అక్షరములు అరిగిపోయినచో, చెరువు త్రవ్వించిన దాత పేరును, ఊరికొరకు ప్రాణమిచ్చిన వీరుని పేరును వానితోనే మాసిపోవును గదా!

వారు 1879 లో మైసూరు శాసనముల సంపుటమొకటి ప్రకటించిరి. తరువాత పురాతత్త్వశాఖకు అధిపతియై, పండితుల తోడ్పాటుతో ఎపిగ్రాఫియా కర్ణాటికా అను గ్రంథమాలను 12 సంపుటములుగా వెలువరించిరి. అందు సుమారు 9 వేల శాసనములు కలవు. 1905 లో అచ్చయిన 10 వ సంపుటము మన కోలారు మండలమునకు చెందినది.

ఇన్ని వేల రాళ్లలో కోరినదానిని కనుగొనుట యెట్లు? రైసుగారు ప్రతి తాలూకాకు ఒక చిన్న సంకేతమును, అందలి ప్రతి శాసనమునకు ఒక సంఖ్యను ఇచ్చిరి. 25 అనిన చాలదు. ముళబాగిలు 25 అనవలెను. అపుడది ఒక్క రాతినే తెలుపును. మూలపాఠము ఒకచోట, ఆంగ్లానువాదము వేరొకచోట ఉన్నను, ఆ సంఖ్యయే రెంటిని కలుపును. శాసనము కన్నడమైనను, తమిళమైనను, తెలుగైనను సంఖ్యాక్రమమొక్కటే.

రైసుగారు కంప్యూటరు నెరుగరు. అయినను 1970 లో ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన రిలేషనల్ డేటాబేసునకు పునాది ఇట్టి యేర్పాటే. సమాచారమును పట్టికలుగా విభజింపవలెను. ప్రతి వరుసకు దానిని మాత్రమే తెలుపు గుర్తు ఉండవలెను; దీనినే కీ యందురు. ఒక విషయమును ఒక్కచోటనే వ్రాయవలెను.

రైసుగారి శాసనములతోనే దీనిని పరీక్షింతము. మొదటి పట్టికలో తాలూకా సంకేతము, దాని పేరు, జిల్లా వ్రాయుదము. రెండవదానిలో తాలూకా సంకేతము, శాసన సంఖ్య, గ్రామము, కాలము, భాష వ్రాయుదము. రైసుగారి నాటి బౌరింగుపేట తరువాత బంగారుపేట అయినది. 2007 లో చింతామణి, శిడ్లఘట్ట, బాగేపల్లి మున్నగు తాలూకాలు చిక్కబళ్లాపురము జిల్లాలో చేరినవి. ప్రతి శాసనము ప్రక్కను జిల్లా పేరు వ్రాసియున్నచో వందల వరుసలు దిద్దవలసివచ్చును. ఒకటి మరచినను తప్పు నిలిచిపోవును. మన యేర్పాటులో మొదటి పట్టికయందు తాలూకాకొక్క వరుస దిద్దిన చాలును. సంకేతములు మారవు గనుక శాసనములు చెదరవు.

ఇక ప్రశ్న వేయుదము: చిక్కబళ్లాపురము జిల్లాలోని తమిళ శాసనములేవి? మొదటి పట్టికనుండి ఆ జిల్లా తాలూకాల సంకేతములను గైకొని, రెండవ పట్టికలో అవే సంకేతములు గల తమిళ శాసనములను ఏరుకొనవలెను. కంప్యూటరు చేయునదియు నిదే. 1905 లో ఆ జిల్లాయే లేదు. ఐనను, చక్కగా కూర్చిన పట్టిక, కూర్చినవారు ఊహింపని ప్రశ్నకును ఉత్తరమీయగలదు.

రైసుగారు 1906 లో ఉద్యోగమును విరమించిరి. 1927 లో ఇంగ్లండున పరమపదించిరి. వారిచ్చిన సంఖ్యలతోనే నేటికిని పరిశోధకులు మన శాసనములను పేర్కొనుచున్నారు. విద్యార్థులారా! మీ యూరి రాతికి ఆ సంపుటమున గల సంఖ్య యేదో వెదకి తెలిసికొనుడు. ఆ సంఖ్యను పట్టుకొని పోయినచో మీ యూరి పూర్వులను కలిసికొనగలరు.