ఖద్దరు గౌను డాక్టరు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ ఫస్టు మార్కులు తెచ్చుకున్న పిల్లాడేం కాదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకుంటే తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. అలా మద్రాసు మెడికల్ కాలేజీకి వచ్చారు. పెళ్ళయ్యాక చదువు ఖర్చులో చాలా భాగం మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారే భరించారు. భార్య పేరు శేషగిరి.

గాంధీగారు విదేశీ బట్ట మానెయ్యమన్న రోజులవి. సుబ్బారావు గారు ఆపరేషన్ థియేటర్‌లోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది గిట్టలేదు. చివరికి ఈయన చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. తానెవరో ఒంటిమీద బట్టతో చెప్పినందుకు డిగ్రీ పోయింది.

ఇదంతా నేను ఈమధ్యే చదివాను. కారణం మా పెద్దమ్మ కూతురు. బెంగళూరులో పెరిగి, అమెరికాలో డిగ్రీ చేసి, ఇప్పుడు అక్కడి మెడికల్ కాలేజీలకి అప్లై చేస్తోంది. మనకి నీట్ ర్యాంకు చాలు. అక్కడ మార్కులతో పాటు ఒక వ్యాసం కూడా రాయాలట. ఎందుకు డాక్టర్ అవుదామనుకుంటున్నావో ఖాళీలతో కలిపి 5,300 అక్షరాల్లో చెప్పాలి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం అని రాయనా, తాతయ్య డయాలసిస్ గురించి రాయనా అని అక్క నన్నడిగింది. ఇంటి బాధని సీటు కోసం అమ్ముకున్నట్టు ఉంటుందేమోనని దాని భయం.

అలా చూస్తే సుబ్బారావు గారి దగ్గర అలాంటి వ్యాసానికి కావలసినంత బాధ ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారు ఇచ్చిన డబ్బుతో ఆయన ఓడెక్కి బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల మీద డిప్లొమా చదివారు. చేతిలో ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఉండడంతో అక్కడ డాక్టరుగా ఉద్యోగం దొరకలేదు. ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది ఇప్పటికీ వాళ్ళిద్దరి పేరుతోనే ఉంది. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ మీద ఆ మందు పనిచేసింది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కి మొదటి మందులూ, బోదకాలుకి వాడే హెట్రజాన్ కూడా ఆ లేబొరేటరీ నుంచే వచ్చాయి. మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర అదే.

ఇక్కడిదాకా చదివి నేను చాలా పొంగిపోయాను. తర్వాత శేషగిరి గారు గుర్తొచ్చారు. భర్త ఓడెక్కాక ఆవిడ మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఆయన 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్క్‌లో పోయారు. ఆయన చదువుకి ఆవిడ పుట్టింటివాళ్ళు డబ్బిచ్చారు. ఆవిడ తన కాపురాన్నే ఇచ్చింది. సుబ్బారావు గారి గొప్పతనాన్ని తక్కువ చెయ్యాలని ఈ మాట అనడం లేదు. ఆ గొప్పతనం ఖరీదు ఆయనొక్కరే కట్టలేదు, అంతే. అమ్మాయిల కాలేజీ గోడ మీద ఆ పేరు లేకుండా ఆయన కథ రాయడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే అక్కకి ఇలా చెప్పాను. తాతయ్య జబ్బు గురించి తప్పకుండా రాయి, అది అమ్ముకోవడం కాదు. కానీ బాధ దగ్గరే ఆగిపోకు, ఆ తర్వాత నువ్వేం చేశావో, ఏం నేర్చుకున్నావో రాయి. తాతయ్యని వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళింది పెద్దమ్మ. అందుకోసం ఉద్యోగం మానేసింది కూడా ఆవిడే. 5,300 అక్షరాల్లో ఆవిడకి రెండు వాక్యాలైనా ఇవ్వు.

రేపు మనలో ఎవరికైనా నువ్వెవరు అన్న ప్రశ్నకి జవాబు రాయాల్సి వస్తే, నేను అన్న మాట పక్కన ఇంకెవరి పేర్లు ఉండాలో ఒకసారి ఆలోచించుకుందాం.