క్షయక్రిమిని కనుగొనిన రాబర్ట్ కోచ్



ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయము చదువువారు అచ్చటి శాపముల వరుసలో క్షయరోగము పేరు చూచెదరు. అందువలననో ఏమో, ఈ రోగము వచ్చిన ఇంటిని శపింపబడిన ఇల్లుగా ఎంచు అలవాటు మన గ్రామములలో ఇంకను పోలేదు. ఆ అధ్యాయము ఒక జనాంగమునకు చెప్పబడిన హెచ్చరికయే గాని ఒక ఇంటి పిల్లవానిమీద తీర్పు కాదని మేము ప్రసంగములలో చెప్పుచునే యున్నాము. అయినను వంశములో క్షయ ఉన్నదని పిల్లనిచ్చుటకు వెనుదీయువారు కలరు. పేరు బయటపడునను భయముచేత, చిక్కిపోవుచున్న బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోక దాచువారును కలరు. ఈ రోగము వంశముచేత కలుగునది కాదు, ఒక క్రిమిచేత కలుగునని లోకమునకు ఋజువు చేసినవాడు రాబర్ట్ కోచ్. ఆయన జీవితమును, ముఖ్యముగా అందులో పిల్లలకు సంబంధించిన భాగమును, ఈ నెల వ్రాయుచున్నాము.

కోచ్ 1843 డిసెంబరు 11న జర్మనీ దేశములో క్లౌస్టాల్ అను గనుల ఊరిలో పుట్టెను. తండ్రి గనులలో ఉద్యోగి. ఇంటినిండ పిల్లలు. ఐదేండ్ల ప్రాయమున వార్తాపత్రిక ముందు పెట్టుకొని తనంతట తానే చదువ నేర్చుకొనెనని చెప్పుదురు. గొట్టింగెన్ విశ్వవిద్యాలయములో 1866లో వైద్యపట్టా పొందెను. అచ్చట ఆయనకు హెన్లె అను గురువు ఉండెను. అంటురోగములకు ప్రాణముగల సూక్ష్మజీవులే కారణమై యుండవలెనని ఆ గురువు 1840లోనే వ్రాసెను గాని, కంటికి చూపలేకపోయెను. శిష్యుడు చూపెను.

1872లో కోచ్ వోల్‌స్టెయిన్ అను చిన్న పట్టణమునకు జిల్లా వైద్యాధికారిగా వెళ్లెను. చదువరులు గొప్ప ప్రయోగశాలను ఊహింపవద్దు. పగలు రోగులను చూచుట, మిగిలిన సమయములో ఇంటిలోనే ఒక మూల సూక్ష్మదర్శిని ముందు కూర్చుండుట, ఇదే ఆయన పని. ఆ సూక్ష్మదర్శిని భార్య ఎమ్మీ బహుమానముగా ఇచ్చినదందురు. గొఱ్ఱెలను పశువులను చంపు దొమ్మరోగపు క్రిమి ఎట్లు బ్రదుకునో, ఎట్లు గింజలవంటి రూపము దాల్చి మట్టిలో ఏండ్ల తరబడి దాగియుండునో 1876లో ఆయన పండితులకు చూపెను. ఒక చిన్న ఊరి డాక్టరు చేసిన పని అది. 1880లో ప్రభుత్వమువారు ఆయనను బెర్లిను నగరమునకు పిలిపించిరి.

అచ్చట ఆయన క్షయను పట్టుకొనెను. ఈ క్రిమి సామాన్యమైన రంగులకు లొంగదు. దాని చుట్టు మైనమువంటి పొర యుండును. కోచ్ రంగులను మార్చి మార్చి చూచి, తుదకు నీలిరంగుతో దానిని బయటపెట్టెను. తరువాత దానిని పెంపవలెను. ఇతర క్రిములు ఒక దినములో పెరుగును గాని, ఇది రెండు వారములు గడచినగాని కంటికి ఆనదు. ఓపిక లేనివాడు పాత్రను పారవేసియుండును. ఆ పెంచిన క్రిమిని గినీ పందులు అను చిన్న జంతువులకు ఎక్కింపగా అవి క్షయతో చచ్చెను. 1882 మార్చి 24న బెర్లినులో వైద్యుల సభ యెదుట ఇదంతయు ఆయన వివరించెను. ఆ దినములలో మనుష్యులలో ఏడుగురిలో ఒకడు ఈ రోగముచేతనే మరణించుచుండెనని ఆయన ఆ సభలో చెప్పెను. నేటికిని మార్చి 24 ప్రపంచ క్షయ దినముగా ఆచరింపబడుచున్నది.

ఆ మీదట కలరాక్రిమిని వెదకుచు ఐగుప్తునకును, మన కలకత్తాకును వచ్చి 1884లో దానిని స్థిరపరచెను. అది వేరే కథ.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాము. క్రిమిని కనుగొనినవాడు మందును కూడ కనుగొనవలెనని లోకము ఆశించెను, ఆయనయు ఆశించెను. క్షయక్రిములను పెంచి, మరగించి, వాటి సారమును తీసి ఒక గోధుమవర్ణపు ద్రవము తయారుచేసెను. దాని పేరు ట్యూబర్క్యులిన్. దానిని తన దేహములోనే సూదితో ఎక్కించుకొనగా కొన్ని గంటలలో చలియు తీవ్రమైన జ్వరమును వచ్చెను. 1890లో ఇది క్షయను మాన్పునను వార్త బయలుదేరెను. దేశదేశముల రోగులు రైళ్లెక్కి బెర్లినునకు పరుగెత్తిరి. ఆ ద్రవములో ఏమున్నదో కోచ్ కొన్ని నెలలు చెప్పలేదు. అది తగని పని అని మా అభిప్రాయము. కొందరు రోగులు బాగుపడక పోగా మరణించిరి. వీర్హో అను పండితుడు శవములను పరీక్షించి, ఈ మందు వలన రోగము మానలేదని, కొందరిలో మరింత వ్యాపించెనని 1891లో చూపెను. ఒక్క సంవత్సరములో ఆయన కీర్తి నేల గూలెను. 1893లో భార్యను విడిచి, చాల చిన్న వయస్సుగల యువతిని పెండ్లాడెను. ఈ విషయములో ఆయనను మాదిరిగా చూపుటకు మేము ఇష్టపడము.

అయితే ఆ పారవేయబడిన ద్రవములో ఒక గుణము మిగిలియుండెను. క్షయక్రిమి లోపల ఉన్నవాని దేహము దానికి చురుకుగా ప్రతిస్పందించును, లేనివాని దేహము ఊరకుండును. దీనిని కోచ్ కూడ గమనించెను. 1907లో వియన్నా నగరపు పిల్లల వైద్యుడు పిర్కే ఆ ద్రవపు చుక్కను బిడ్డ చేతిమీద ఉంచి చర్మమును కొంచెము గీచి చూచెను. మరుసటి సంవత్సరము ఫ్రాన్సు దేశస్థుడైన మాంటూ సన్నని సూదితో చర్మపు పొరలోనికి ఎక్కించు పద్ధతిని కనిపెట్టెను. పెద్దలను స్వస్థపరచలేని మందు పిల్లలలో దాగిన క్షయను చూపు గురుతుగా మారెను.

పిల్లలకు ఇది ఎందుకంత అవసరము? పెద్దవాడు దగ్గి తెమడ ఉమ్మును, అందులో క్రిమి దొరకును. చిన్నబిడ్డ ఉమ్మలేడు, మ్రింగివేయును. మరియు చిన్నపిల్లల ఊపిరితిత్తులలో క్రిములు తక్కువగా ఉండును. కనుక తెమడ పరీక్షలో ఏమియు లేదన్నంత మాత్రమున బిడ్డకు క్షయ లేదని చెప్పరాదు. పండ్రెండు పదునాలుగేండ్లు దాటిన పిల్లలకు పెద్దలవలెనే వచ్చుట కలదు. వారికి తెమడ పరీక్ష పనికివచ్చును, వారివలన ఇతరులకు అంటుటయు కలదు.

మాంటూ పరీక్షను గూర్చి తల్లులు తెలిసికొనవలసినది కొంత ఉన్నది. సూది వేసిన తరువాత రెండు మూడు దినములకు, అనగా 48 మొదలు 72 గంటలలోపల, తిరిగి వెళ్లి చూపవలెను. ఎఱ్ఱదనమును గాక, గట్టిపడిన వాపును మాత్రమే కొలుతురు. సాధారణముగా 10 మిల్లీమీటర్లు అంతకు మించి యున్నయెడల క్రిమి ప్రవేశించినదని అర్థము. రోగము ముదిరినదని దాని అర్థము కాదు. అట్లే, మిక్కిలి చిక్కిపోయిన బిడ్డకును, తట్టు పోసి లేచిన బిడ్డకును క్షయ ఉండియు వాపు రాకపోవచ్చును. కనుక డాక్టరు వాపునొక్కటే చూడడు. రెండు వారములు దాటిన దగ్గు లేక జ్వరము, బరువు పెరగకపోవుట, మెడ ప్రక్కన బిళ్ళలు కట్టుట, ఛాతీ ఎక్స్‌రే, వీటన్నిటిని కలిపి చూచును. ఆయన అడుగు ముఖ్యమైన ప్రశ్న ఇంటిలో దగ్గుచున్న పెద్దవారెవరు అనునది.

కోచ్ 1901లో లండను సభలో మరియొక పొరపాటు చేసెను. ఆవులకు వచ్చు క్షయ మనుష్యులకు లెక్కింపదగినంతగా అంటదనెను. పచ్చిపాలు త్రాగిన పిల్లలకు అది అంటునని తరువాతి పరిశోధకులు ఋజువు చేసిరి. మన తల్లులు పాలు కాచి పోయుట ఎంత మేలో ఆలోచించుడి. 1905లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. 1910 మే 27న బాడెన్ బాడెన్ అను ఊరిలో గుండెజబ్బుతో మరణించెను. మాంటూ పరీక్షకు అప్పటికి రెండేండ్ల వయస్సు.

ఆ పరీక్ష మన తెలుగు దేశమునకు వచ్చిన విధము కూడ చెప్పవలెను. మదనపల్లెకు చేరువనున్న ఆరోగ్యవరములో అనేక మిషనులు కలిసి స్థాపించిన క్షయ ఆసుపత్రి 1915 నుండి పనిచేసెను. డెన్మార్కు దేశపు మిషనరీ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి పెద్ద. అదే మదనపల్లెలో 1948లో బి.సి.జి. టీకాల పని ప్రారంభమైనప్పుడు, మొదట పిల్లల చేతులకు ట్యూబర్క్యులిన్ వేసి, వాపు రానివారికే టీకా వేసిరి. 1951లో దేశమంతట ఆ ఉద్యమము సాగెను.

మా కుత్బుల్లాపూరు ప్రక్క జీడిమెట్ల కార్ఖానాలకు పనికి వచ్చిన కుటుంబములు రేకుల గదులలో, గదికి ఐదారుగురు చొప్పున కాపురముండుట మేము చూచుచున్నాము. ఒకరు దగ్గిన గాలియే అందరు పీల్చవలెను. మేడ్చల్, శామీర్‌పేట పల్లెలలో బిడ్డ ఎండిపోవుచుండగా దిష్టి యని తాయెత్తు కట్టుదురు. మాయొద్దకు ప్రార్థనకును తెత్తురు. ప్రార్థించి, ఆ దినమే ఆసుపత్రికి పొమ్మని పంపుచున్నాము.

ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా పరీక్షించు యంత్రములున్నవి. సుమారు రెండు గంటలలో అవి క్రిమి జాడను తెలుపును. ఉమ్మలేని బిడ్డకు ఉదయము పరగడుపున కడుపులోనికి సన్నని గొట్టము దించి, రాత్రి మ్రింగిన తెమడను తీయుదురు. అదియు వీలుకానప్పుడు బిడ్డ మలములోనైనను ఆ క్రిమిని వెదకవచ్చునని కొన్నియేండ్ల క్రిందట ప్రపంచ ఆరోగ్య సంస్థవారు అంగీకరించిరి. ఇంటిలో పెద్దకు క్షయ అని తేలినచో, ఐదేండ్లలోపు బిడ్డలకు రోగము లేదని చూచుకొని, రాకుండ మాత్రలు ఇచ్చుచున్నారు.