తర్కవేత్త హాస్కెల్ కర్రీ

గణకయంత్రములకు పని చెప్పుటకు నేడు వాడబడుచున్న భాషలలో హాస్కెల్ అనునది యొకటి. అట్టి యంత్రములు పుట్టకముందే తర్కశాస్త్రమున కృషి మొదలిడిన హాస్కెల్ బ్రూక్స్ కర్రీ పండితుని పేరే దానికి పెట్టబడినది.

ఆయన 1900 సెప్టెంబరు 12వ తేదీన అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున మిల్లిస్ అను ఊరిలో జన్మించెను. తల్లిదండ్రులు వక్తృత్వ పాఠశాల నడుపుచుండిరి. వైద్యుడు కావలెనని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, గణితమునకు మరలి, పిమ్మట విద్యుచ్ఛక్తి ఇంజనీరింగును, భౌతికశాస్త్రమును కొంతకాలము చదివి, తిరిగి గణితమునకే వచ్చెను. ఇట్టి విద్యార్థిని నిలుకడ లేనివాడని పెద్దలు తలంచుట సహజమే.

రస్సెల్, వైట్‌హెడ్ పండితుల గణిత తర్క గ్రంథమున, ఒక అక్షరమునకు బదులు మరియొకటి చేర్చు నియమము మిగుల జటిలముగా ఆయనకు తోచెను. దానిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టవలెనని పూనుకొనెను. 1927లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున బోధకుడుగా నుండగా, అచ్చటి గ్రంథాలయమున మోజెస్ షోన్‌ఫింకెల్ వ్రాసిన వ్యాసమొకటి కంటబడెను. తాను వెదకుచున్న మార్గము 1924లోనే అచ్చయియున్నది! మరియొకడైనచో నిరాశచే పని మానియుండును. కర్రీ ఆ వ్యాసము పుట్టిన జర్మనీలోని గొట్టింగెన్ నగరమునకే పోయి, హిల్బర్టు, బెర్నేస్ ఆచార్యుల చెంత ఆ విషయముననే పరిశోధించి డాక్టరు పట్టము పొందెను. 1929 మొదలు 1966 వరకు పెన్సిల్వేనియా స్టేట్‌లో బోధించెను.

ఆ మార్గమెట్టిదనగా: ఉప్పల్ అంగడిలో కందిపప్పునకు వెల కట్టుటకు ధరయు, తూకమును కావలెను. ధర మాత్రమే ముందు తెలిపినచో వెల తేలదు. కాని ఆ ధరకు ఎంత తూకమునకైనను వెల కట్టగల క్రొత్త లెక్క యొకటి చేతికి వచ్చును. దానికి తూకము చెప్పినంతనే వెల తేలును. ఇట్లు ఒక్కొక్క విషయమును మాత్రమే గ్రహించు ప్రమేయములతో ఎంత పెద్ద గణనమైనను నడుపవచ్చును. ప్రోగ్రాములు వ్రాయువారు దీనిని కర్రీయింగు అందురు. కర్రీ మాత్రము ఆ ఘనత షోన్‌ఫింకెల్‌దేనని ఒప్పుకొనెను; పేరు మాత్రము ఈయనకే నిలిచినది.

1935లో పెద్ద దెబ్బ తగిలెను. క్లీనీ, రాసర్ అను యువకులిరువురు, తమ గురువైన చర్చి నిర్మించిన తర్కవ్యవస్థయు, కర్రీ వ్యవస్థయు పరస్పర విరుద్ధములగు ఫలితములనిచ్చునని నిరూపించిరి. వైరుధ్యమున్నచోట ఏ మాటనైనను సత్యమని సాధింపవచ్చును గనుక అట్టి తర్కము నిష్ప్రయోజనము. కర్రీ దానిని దాచలేదు. దోషమునకు మూలమేమని వెదకి, 1942లో మరింత సులభమైన రూపమున ఆ వైరుధ్యమును తానే ప్రకటించెను. విచిత్రమేమనగా, తర్కమును కూల్చిన ఆ యుక్తియే, ప్రమేయము తన్ను తానే మరల మరల పిలుచుకొను పద్ధతికి సిద్ధాంతరూపమై ప్రోగ్రామింగునకు పనికివచ్చినది.

యుద్ధకాలమున ఆయన సైనిక పరిశోధనలలో పనిచేసెను. 1946లో ఎనియాక్ యంత్రముపై గణనలకు పూనుకొనెను. నాటి ఇంజనీరింగు చదువు వృథా కాలేదు. 1958లో ఫేస్ పండితునితో కూడి కాంబినేటరీ తర్కముపై బృహద్గ్రంథము వెలువరించెను. ప్రతి ప్రమేయమునకు రకము నిర్ణయించు ఆయన పద్ధతిని హిండ్లీ 1969లో విస్తరింపగా, 1978లో మిల్నర్ ప్రోగ్రామింగు భాషలకు అట్టి పద్ధతినే సమకూర్చెను. ప్రోగ్రాము నడువకముందే పెక్కు తప్పులను యంత్రమే పట్టుకొనుట దీని ఫలము. 1979లో టర్నర్ అను ఆంగ్లేయుడు ప్రోగ్రాములను ఎస్, కె మొదలగు కాంబినేటరులుగా మార్చి నడుపు విధానమును ప్రకటించెను. ఏబదియేండ్ల క్రిందటి కాగితపు తర్కము యంత్రములో కదలుట కర్రీ జీవితకాలముననే జరిగినది.

1982 సెప్టెంబరు 1వ తేదీన ఆయన మరణించెను. కొలది యేండ్లకు, ప్రమేయములే ప్రధానముగాగల భాషను రూపొందింపబూనిన పండితులు దానికి ఆయన పేరు పెట్టదలచి భార్య వర్జీనియా గారిని దర్శించిరి. ఆమె ఆదరముతో సమ్మతించెను. 1990లో హాస్కెల్ భాష వెలువడెను. వారు సెలవు తీసికొనునపుడు మాత్రము, తన భర్తకు హాస్కెల్ అను పేరు ఎన్నడును నచ్చలేదని ఆమె తెలిపెనట.